చుక్క తగ్గితే పెళ్ళి

నేను పోతానని మా అమ్మ ఒక ఏడాది పొడుగునా గట్టిగా నమ్మింది. అప్పుడు నాకు జలుబు కూడా లేదు. ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు చెప్పుకుంటూ, ఇంట్లో ఏది వడ్డించినా వద్దనకుండా తింటూ, గోడకు కొట్టిన మేకులా గట్టిగా ఉండేవాణ్ణి. అయినా నన్ను చూసినప్పుడల్లా అమ్మ కళ్ళు తడి చేసుకునేది. అన్నం తింటూ పొలమారితే అంగడి వదిలేసి పరుగెత్తుకొచ్చేది. స్వాతంత్ర్యం వచ్చి ఏడెనిమిదేళ్ళు దాటిన రోజులవి. నా ప్రాణానికి వచ్చిన ఆ ముప్పు ఏ రోగం వల్లా కాదు, నా తమ్ముడి పెళ్ళి వల్ల.

తమ్ముడు ఉదయగిరి తాలూకా కచేరీలో గుమాస్తా. కొండ కింద బజార్లో ఒక అంగడి వెనక గదిలో అద్దెకుండేవాడు. అంగడివాళ్ళు మా వాళ్ళే, గట్టిగా లాగితే ఎక్కడో చుట్టరికం కూడా తగులుతుంది. నెలకోసారి వాడు బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు. మొదట ఆ ఇంటివాళ్ళు పెట్టిన ఊరగాయల గురించి చెప్పాడు. తర్వాత వాళ్ళ గోడగడియారం గురించి చెప్పాడు. ఆ తర్వాత ఆ ఇంటాయన మంచితనం గురించి చెప్పాడు. ఆయనకొక కూతురుందని చెప్పడానికి వాడికి ఇంకొన్ని నెలలు పట్టింది. మా అమ్మకు మాత్రం ఊరగాయల దగ్గరే అంతా అర్థమైపోయింది.

మా అమ్మ అంగడి మనిషి. నాయన పోయిన తర్వాత పప్పులు, బెల్లం, చింతపండు అమ్మే ఆ అంగడిని ఆమే నడిపింది. ఆ తక్కెడ మీదే మా ఇద్దరినీ చదివించింది. తూకంలో ఒక గింజ అటూ ఇటూ అయిందని అనుమానం వస్తే చాలు, ఆ పూట ఆమెకు అన్నం సయించదు. తక్కెడ ముల్లు ఎక్కడ నిలబడితే అక్కడే నిలబడిందని చెప్పాలి, అది ఎదుటివాడికి నచ్చినా నచ్చకపోయినా సరే అని మాకు చిన్నప్పుడే నూరిపోసింది. అందువల్ల నేను కాలేజీలో సైన్సు చదవబోయినప్పుడు మాస్టర్లు చెప్పేదాంట్లో నాకు కొత్తేమీ కనపడలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆ పిల్ల తండ్రి జాతకం తానే పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. చాలామంది ఆడపిల్లల తండ్రులు జాతకాన్ని కాస్త అటూ ఇటూ సర్ది రాయించుకునే కాలమది. ఈయన సర్దలేదు. ఆ పిల్ల పుట్టడానికి కొద్ది రోజుల ముందే నెల్లూరు నుంచి గోడగడియారం తెప్పించి అంగట్లో తగిలించాడట.

"మా ఊళ్ళో అందరూ పొద్దు చూసి పుట్టినోళ్ళే. నా కూతురొకతే గడియారం చూసి పుట్టింది," అని మీసం సర్దుకున్నాడు.

అమ్మ పిలిపించిన పురోహితుడు జాతకం విప్పి, వేళ్ళ మీద లెక్కపెట్టి, తల ఎత్తి పెళ్ళికొడుకుని చూడకుండా నన్ను చూశాడు. "జ్యేష్ఠా నక్షత్రం," అన్నాడు.

మా వైపు అందరికీ తెలిసిన సంగతే. ఆశ్లేషలో పుట్టిన కోడలు అత్తకు గండం, మూలలో పుడితే మామకు, జ్యేష్ఠలో పుడితే మొగుడి అన్నకు. మొగుడి అన్నని నేనే. ఆ ఇంట్లో ఇంకెవరూ ఆ పదవికి లేరు.

పురోహితుడు మంచివాడు. ఇట్లాంటి ముడులు చాలా విప్పినవాడు. గొంతు తగ్గించి, "ఒక పని చేద్దాం తల్లీ. పిల్ల రవ్వంత ఆలస్యంగా పుట్టిందనుకుందాం. అప్పుడు మూలా నక్షత్రం అయిపోతాది. మూల మామకు కీడు. ఈ ఇంట్లో మామ ఎటూ లేడు గదా," అన్నాడు.

"పోయినోణ్ణి మళ్ళీ చంపుతావా సామీ?" అంది అమ్మ.

"అంటే నా గడియారం తప్పంటారా?" అని పిల్ల తండ్రి లేచి నిలబడ్డాడు.

ఇద్దరికీ సర్ది చెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి. అమ్మ మర్యాదగానే చెప్పింది, ఈ సంబంధం మాకు వద్దని. ఆయన మర్యాదగానే జాతకం మడిచి జేబులో పెట్టుకొని బస్సుకు పోయాడు. తమ్ముడు మాత్రం చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటాను, లేకపోతే పెళ్ళే వద్దు అని చెప్పి, ఆ పూట భోజనం మానేశాడు. వంటింట్లో మా ఆవిడ పిండి రుబ్బుతూ అందరికీ వినపడేటట్టు అంది: "పొయ్యేది నా మొగుడు. నన్ను ఒక్క మాట అడిగినోళ్ళు లేరు. అడిగితే చెప్తా గదా, ఆయన అంత బిరీన పొయ్యే రకం కాదని. నాకో తోడికోడలు వస్తే ఈ రుబ్బురోలు కాడ చెయ్యి మారతాదని నేను కనిపెట్టుకొని ఉంటే!"

చావబోయేవాణ్ణి నేనే కాబట్టి అమ్మకు నచ్చజెప్పే బాధ్యత కూడా నామీదే పడింది.

ఆత్మకూరుకు అప్పటికింకా కరెంటు రాలేదు. ఎండాకాలం పొద్దు గూకితే అందరం పెరట్లో మంచాలు వేసుకొనేవాళ్ళం. ఆ సాయంత్రం ఆగ్నేయం వైపు, తేలు ఆకారంలో ఉన్న చుక్కల గుంపు మధ్యలో జ్యేష్ఠ ఎర్రగా పైకి వస్తోంది. అమ్మ దానివైపు వేలు కూడా చూపించలేదు. గడ్డం ఎత్తి, "అదుగో, వచ్చింది నీ పాలిటి మిత్తి," అంది.

దాని సంగతి నేను చదువుకొని ఉన్నాను. మన సూర్యుడున్న చోట దాన్ని తెచ్చి పెడితే భూమి దాని కడుపులోకి పోతుంది, అంతగా ఉబ్బిపోయింది. లోపలి సరుకు అయిపోవచ్చిన నక్షత్రాలు అట్లా ఉబ్బి ఎర్రబడతాయి. ఉబ్బిన తర్వాత నిలకడ ఉండదు. ఒకసారి పొంగుతుంది, ఒకసారి కుంగుతుంది. దాంతోపాటే వెలుగు పెరుగుతుంది, తరుగుతుంది. నక్షత్రాల ముసలితనం గురించి అప్పటికి పెద్దపెద్ద శాస్త్రజ్ఞులే ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. నేను మాత్రం మా పెరట్లో నులకమంచం మీద కూర్చొని తేల్చిపారేశాను.

"ముసలిదమ్మా అది. ఉబ్బసం మనిషి మాదిరి పొంగతా కుంగతా ఉండాది. దానికే కాలం దగ్గర పడింది. అది నన్నేం చంపతాది?"

"కాలం దగ్గర పడిందంటే ఎప్పుడు పోతాది?"

"ఇంకో లక్ష ఏళ్ళకో, పది లక్షల ఏళ్ళకో."

"అందాకా నువ్వుంటావా?"

మా ఆవిడ చీకట్లో నవ్వింది.

అమ్మ కాసేపు ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది. ఆమె లెక్కలు వేస్తున్నప్పుడు పెదాలు కదులుతాయి. అప్పుడూ కదిలాయి.

"కుంగినప్పుడు దాని వెలుగు తగ్గతాదా?"

"తగ్గతాది."

"తగ్గిందంటే దాని బలం తగ్గినట్టే గదా?"

"అసలు దానికి మన మీద బలమే లేదమ్మా."

"నేనడిగిందానికి చెప్పు అబ్బయా. తగ్గతాదా, లేదా?"

"తగ్గతాది."

"అయితే అది తగ్గినప్పుడు తాళి కట్టిద్దాం. నువ్వు చూసి చెప్పు."

తమ్ముడు మంచం మీంచి దూకి నా చేతులు పట్టుకున్నాడు. పంచాంగాలన్నీ ఒక పక్క, సైన్సు అన్న ఒక్కడే ఒక పక్క అన్నాడు. ఆ సంతోషంలోనే అడిగాడు, ఎప్పుడు తగ్గుతుందని. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దానికి సరైన వాయిదా లేదు, అయిదారేళ్ళకోసారి కొంచెం తగ్గవచ్చు, ఆ కొంచెం కూడా మామూలు కంటికి తెలియకపోవచ్చు అని. వాడు నా చేతులు వదిలేశాడు.

మరుసటి రోజు నుంచి మా ఇంట్లో చుక్కను తూచే పని మొదలైంది. ఒక నక్షత్రం వెలుగు పెరిగిందో తగ్గిందో ఒంటరిగా చూస్తే తెలియదు, మారని చుక్క పక్కన పెట్టి చూడాలి. ఈ సంగతి క్లాసులో చెప్తే పెద్ద పిల్లలకు కూడా అర్థం కావడానికి పీరియడంతా పట్టేది. అమ్మకు చెప్తే, "అంటే ఆ పళ్ళెంలో సరుకు, ఈ పళ్ళెంలో రాయి," అంది. అంతే. పడమటి వైపు తెల్లగా మెరిసే చిత్తను మేం తూకపు రాయిగా పెట్టుకున్నాం. అంగడి మూసి, చేతులు కడుక్కొని, అమ్మ పెరట్లోకి వచ్చి నా పక్కన నిలబడేది. ఇద్దరం కాసేపు అటు, కాసేపు ఇటు చూసేవాళ్ళం.

"సమానం," అనేవాణ్ణి.

"సరిగ్గా చూడు."

"సమానమే."

అమ్మ నిట్టూర్చేది. అది నేనింకా కొన్నాళ్ళుంటానన్న ఊరటో, చిన్నకొడుకు పెళ్ళి కాలేదన్న బెంగో చెప్పలేను. రెండూ అయి ఉంటాయి.

ఈ సంగతి వీధిలో దాగలేదు. చింతపండు కొనడానికి వచ్చినవాళ్ళు పొట్లం కట్టేలోపు, "ఏమన్నా తగ్గిందా అమ్మా?" అని అడిగేవాళ్ళు. వాళ్ళు అడుగుతున్నది చింతపండు ధర కాదని తెలియడానికి కొత్తవాళ్ళకు కొంచెంసేపు పట్టేది. నన్ను చూస్తే జనానికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బస్సులో లేచి సీటిచ్చేవాళ్ళు. ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు వారానికోసారి వచ్చి నా ఆరోగ్యం అడిగి పోయేవాడు, పాలసీ మాట మాత్రం ఎత్తేవాడు కాదు. తెలివైనవాడు.

ఆషాఢం వెళ్ళాక ఆ పిల్ల తండ్రి సరుకు కొనడానికి ఆత్మకూరు వచ్చి, కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. సరుకు ఉత్త సాకు. ఆ పిల్లే పట్టుబట్టి వచ్చిందట, తన వల్ల చచ్చిపోతాడంటున్న మనిషి ఎట్లా ఉంటాడో ఒకసారి చూడాలని. సన్నగా, చామనఛాయగా ఉంది. తల వంచుకొని వచ్చింది గాని మాట మాత్రం వంచలేదు.

"మీరేనా బావగారు?" అని అడిగింది.

బావగారు అన్న మాటకు అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. నేను అవునన్నాను. వరసలో పొరపాటేమీ కనపడలేదు నాకు.

"ఆ చుక్కను నాకోసారి చూపిస్తారా? పుట్టిన కాణ్ణుంచి దాని పేరు చెప్పి తిడతానే ఉండారు గానీ, అది యాడుంటాదో ఎవరూ చూపించలా."

మసక చీకటి పడ్డాక పెరట్లోకి తీసుకుపోయి చూపించాను. ఉబ్బడం గురించి, పొంగడం కుంగడం గురించి చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. మా క్లాసులో ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

"పాపం," అంది చివరికి. "దానికే బాగలేదు. అది మిమ్మల్నేం చంపతాది, నన్నేం తిట్టిస్తాది?"

చిత్తను చూపించి, రెండింటిలో ఏది ఎక్కువగా ఉందో చెప్పమన్నాను. వెనక తమ్ముడు దగ్గాడు. ఆగి మళ్ళీ దగ్గాడు. తగ్గింది అని ఆమె ఒక్కమాట అంటే, పక్కనున్న మా అమ్మ చెవిలో పడుతుంది. ఆమె తండ్రి కూడా మీసం సర్దుకోవడం ఆపాడు. ఆమె అటు చూసింది, ఇటు చూసింది, చాలాసేపు చూసింది.

"సమానంగానే ఉండాయి బావగారూ," అంది.

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ పిల్ల మీద ఆ క్షణంలో కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. తన పెళ్ళి చెడగొట్టుకుంటూ చూసింది చూసినట్టు చెప్పిన మనిషిని నేనింతవరకూ ఎరగను. ఈ పిల్ల మా ఇంటికి రావాల్సిందే అనుకున్నాను. రావడానికి మార్గం ఏమిటంటే అది నాకు తెలియదు.

వాళ్ళు పోయిన తర్వాత తమ్ముడు నన్ను అంగడి వెనక్కి లాక్కుపోయాడు.

"అన్నా, తగ్గిందని ఒక్క మాట చెప్పు. నీ సొమ్మేం పోతాది?"

"తగ్గలేదు గదరా."

"తగ్గకపోతే ఆకాశం ఊడిపడతాదా? అమ్మ నీ మాట నమ్మతాది. నీ మాటే నమ్మతాది."

"అందుకేరా చెప్పలేను."

ఇది గొప్పగా అన్నాననే అనుకున్నాను. వాడు నన్ను పైకీ కిందకీ చూసి, "నువ్వు చచ్చిపోతావని అమ్మకు భయం, నువ్వు చావవేమోనని నాకు భయం," అని బస్సుకు పోయాడు. రాత్రి మా ఆవిడ, చుక్క కోసం తమ్ముణ్ణి బ్రహ్మచారిని చేసిన మొనగాడు ఈ జిల్లాలో మీరొక్కరే అని నన్ను మెచ్చుకుంది.

అక్కడితో ఆగలేదు నా పాపం. చిత్త పడమట మునిగిపోయాక శ్రవణం చుక్కను తూకపు రాయిగా పెట్టుకున్నాం. జ్యేష్ఠ కూడా నైరుతికి దిగుతూ వచ్చింది. ఒక సాయంత్రం దుమ్ముగాలి కొట్టి ఆగింది. అమ్మ పెరట్లోంచి కేకేసింది: "తగ్గింది! అబ్బయా, తగ్గిందిరా! శ్రవణంలో సగం కూడా లేదు!" ఆ రోజు తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. పరుగెత్తుకొచ్చి చూసి, నిజమే అని గంతేశాడు. నేను నిదానంగా వచ్చి చూసి, అది తగ్గడం కాదు, దుమ్ము, కిందికి దిగిన చుక్క ఏదైనా మసకబారుతుంది, కావాలంటే దాని పక్కన ఉన్న చిన్న చుక్కలు చూడండి, అవి అసలు కనపడ్డమే లేదు అని వివరించాను. అమ్మ చూసింది. నిజమేనంది. తమ్ముడు ఆ తర్వాత దీపావళి దాకా నాతో మాట్లాడలేదు.

కార్తీకంలో దీపాలు పెట్టడానికి అమ్మ పెరట్లోకి వచ్చి, నైరుతి దిక్కున చాలాసేపు వెతికింది. నాలుగు సాయంత్రాలు వరసగా వెతికింది. జ్యేష్ఠ లేదు. సూర్యుడి దాపుకు పోయింది, ఏటా పోయేదే. అయిదో రోజు పొద్దున్నే పురోహితుణ్ణి పిలిపించింది.

"సామీ, గురువు సూర్యుడి దగ్గరికి పోయి కనపడకపోతే ఏమంటారు?"

"మూఢం అంటారు తల్లీ."

"శుక్రుడు కనపడకపోతే?"

"అదీ మూఢమే."

"మూఢంలో ఉన్నోడికి బలముంటాదా?"

"ఉండదు. అందుకే గదా ఆ రోజుల్లో ముహూర్తాలు పెట్టం."

"అయితే జ్యేష్ఠకు మూఢం వచ్చింది. అది మూఢంలో ఉండంగానే నా చిన్నకొడుక్కి ముహూర్తం పెట్టు."

పురోహితుడు నోరు తెరిచాడు. మూఢం గ్రహాలకే గాని నక్షత్రాలకు లేదని, ఏ శాస్త్రంలోనూ రాయలేదని చెప్పాడు. "రాయకపోతే ఇప్పుడు రాసుకో," అంది అమ్మ. మూఢం వదిలి అది మళ్ళీ పైకొస్తే ఏం చేస్తావని ఆయన అడిగాడు. అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం అంది. చిన్నకొడుకు ముఖం చూసి చూసి ఆమె కూడా అలిసిపోయి ఉంటుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఆ చుక్క కనపడతా ఉండాదా, లేదా?"

"కనపడదమ్మా. కానీ అది తగ్గి కాదు, సూర్యుడి వెనక..."

మా ఆవిడ అప్పుడే మూకుట్లోంచి తీసిన గారె నా నోట్లో పెట్టింది. అది కాలుతుండగా నేను ఇంకేమీ చెప్పలేకపోయాను. కనపడదని చెప్పింది మాత్రం నిజమే.

మార్గశిరంలో ఉదయగిరిలో పెళ్ళి. ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకుని చూసినవాళ్ళు తక్కువ, నన్ను చూసినవాళ్ళు ఎక్కువ. నన్ను బావి దగ్గరికి పోనివ్వలేదు. కొండ ఎక్కి కోట చూసొస్తానంటే ఇద్దరు బంధువులు చెరో చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టారు. తాళి కట్టే వేళకు హోమం పొగ నా ముక్కులోకి పోయి, ఆపుకోలేక పెద్దగా తుమ్మాను. మేళం ఆగిపోయింది. పందిట్లో అందరూ లేచి నిలబడ్డారు. నేను ముక్కు తుడుచుకొని, బాగానే ఉన్నానని చెయ్యూపాను. అప్పుడు మేళం మళ్ళీ మొదలైంది, తమ్ముడు ముడి వేశాడు. పెళ్ళికూతురు మాత్రం తల ఎత్తి, నేను నిజంగానే బాగున్నానా అని నన్నే చూస్తోంది.

కొత్త కోడలు ఉదయగిరిలోనే కాపురం పెట్టింది. ప్రతివారం బస్సు కండక్టరు చేతికి నాకని ఏదో ఒకటి ఇచ్చి పంపేది: శొంఠి, కరక్కాయలు, తేనె. మా ఆవిడ నవ్వేది. నాకు మొదట్లో నవ్వు వచ్చింది. తర్వాత్తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. నేను బతికినన్నాళ్ళే ఆ పిల్ల మంచిది. ఆ సంగతి మా అందరికన్నా ఆమెకు బాగా తెలుసు.

మాఘమాసంలో మా ఆవిడ పురిటికి జలదంకిలోని పుట్టింటికి పోయింది. ఆమె పోయిన కొద్ది రోజులకే నాకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాను. దిగలేదు. డాక్టరు వచ్చి చూసి, టైఫాయిడ్ అన్నాడు. మందులిచ్చాడు, జాగ్రత్తలు చెప్పాడు. అమ్మ అంగడి మూసేసింది. నాకు గుర్తున్నంతలో పండగ పూట కూడా మూయని అంగడి అది.

కబురు తెలిసి తమ్ముడూ, వాడి భార్యా మొదటి బస్సుకే వచ్చారు. లోపల మంచం మీద ఉన్న నాకు వీధి వాకిట్లో మాటలు వినపడ్డాయి.

"నువ్వు గడప దాటొద్దమ్మా," అంటోంది అమ్మ. "నిన్ను నేనేం అనను. కానీ లోపలికి రావద్దు. ఆ చుక్క మళ్ళీ పొడిచింది. వాడు ఇట్టా పడినాడు."

"సరే అత్తా," అంది ఆ పిల్ల. "ఇక్కడే ఉంటా."

వీధి అరుగు మీదే ఉంది. మూడు రాళ్ళు పెట్టి జావ కాచి తమ్ముడి చేతికిచ్చేది. అమ్మ ఆ జావ నాకు పట్టాలా వద్దా అని గిన్నె పట్టుకొని నిలబడేది. రాత్రి పూట కూడా ఆమె అరుగు మీదే పడుకుంది, మాఘం చలిలో. వీధిలోవాళ్ళు వచ్చి ఆమెను చూసి, ఏమీ అనకుండా తల ఊపి పోయేవాళ్ళు. అనడం కంటే ఆ అనకుండా పోవడమే ఎక్కువ. "బావగారు ఎట్టా ఉండారు?" అని ఆమె తమ్ముణ్ణి అడగడం నాకు జ్వరంలో కూడా వినపడుతూనే ఉండేది. చావంటే భయం ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆ భయంలో నా వాటా కొంతే. నేను పోతే జలదంకిలో పుట్టబోయే బిడ్డకు తండ్రి ఉండడు, అది ఒక దుఃఖం. అరుగు మీద కూర్చున్న ఆ పిల్లను బావను మింగినదని బతికినన్నాళ్ళూ అంటారు, అది తలచుకుంటే మరీ దుఃఖంగా ఉండేది. ఏ తప్పూ చెయ్యలేదు ఆమె. గడియారం సరిగ్గా నడిచింది, అంతే.

ఒకరోజు తెల్లారుజామున అమ్మ పెరట్లోంచి వచ్చి నా మంచం మీద కూర్చుంది.

"అబ్బయా, అది పైకొచ్చి ఉండాది. ఎర్రగా ఉండాది. చిత్త కూడా ఉండాది. నాకు కళ్ళల్లో నీళ్ళడ్డం పడి తూకం తెలవడం లేదు. నువ్వు చూసి చెప్పు."

నన్ను లేపి, నా బరువంతా తన భుజం మీద వేసుకొని పెరటి వాకిలి దాకా నడిపించింది. నేను ఒక చేత్తో గోడ పట్టుకొని చూశాను. ఆగ్నేయాన జ్యేష్ఠ, నైరుతి వైపు చిత్త. ఆకాశం కడిగినట్టు ఉంది. దుమ్ము లేదు, మబ్బు లేదు, చుక్కలు రెండూ ఎత్తులోనే ఉన్నాయి. అంత మంచి తూకం ఆ ఏడాది మొత్తం మీద నాకు దొరకలేదు. రెండూ సమానం. ఏమన్నా ఉంటే జ్యేష్ఠే ఒక గింజ ఎక్కువ.

"తగ్గిందమ్మా," అన్నాను. "బాగా తగ్గింది."

అమ్మ నా ముఖంలోకి చూసింది. "నిజంగానా?"

"నేనెప్పుడన్నా తూకం తప్పు చెప్పినానా?"

చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆకాశం వైపు మళ్ళీ చూడలేదు. నన్ను తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వీధి తలుపు దగ్గరికి పోయి గడియ తీసింది.

"లోపలికి రామ్మా," అంది. "అది తగ్గిందంట. చలిలో ఎంతసేపు కూర్చుంటావు, రా."

ఆ పిల్ల జావ గిన్నెతో లోపలికి వచ్చింది. అమ్మ నాకు జావ పట్టమని చెప్పి, చాలా రోజుల తర్వాత తలస్నానానికి నీళ్ళు పెట్టుకోవడానికి పెరట్లోకి పోయింది. ఆ పిల్ల మంచం పక్కన కింద కూర్చొని, జావ కలుపుతూ, అమ్మ దూరం పోయిందో లేదో చూసుకొని, మెల్లిగా అంది.

"బావగారూ, నేనూ అరుగు మీద నుంచి చూస్తానే ఉండా. అదేం తగ్గలా."

"జ్వరంలో చూసిన చూపు లెక్కలోకి రాదమ్మా," అన్నాను. "జావ పొయ్యి."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, గ్లాసు నిండా జావ పోసి, నేను అడుగు దాకా తాగేవరకూ అక్కణ్ణించి కదల్లేదు.